తీసివేతల వయసు: టీనేజీ మెదడు, సైకోసిస్ ముప్పు

స్కిజోఫ్రీనియా అనే మనసు జబ్బుకు ఆ పేరు రాకముందు ఇంకో పేరుండేది. 1890ల్లో జర్మన్ మనోవైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ దాన్ని ‘డిమెన్షియా ప్రీకాక్స్’ అన్నారు. ముసలితనంలో రావలసిన మతి క్షీణత కాలం కాని కాలంలో, ముందే వచ్చేసిందని ఆ లాటిన్ మాటల అర్థం. 1908లో స్విట్జర్లాండ్ వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ ఆ పేరు పక్కన పెట్టి కొత్త పేరు తెచ్చారు. ఈ జబ్బు వచ్చినవాళ్లందరికీ మతి క్షీణించదని ఆయన వాదన. అందులో న్యాయముంది. కానీ పాత పేరులో ఒక మంచి గమనిక దాగుంది, పేరుతో పాటు అదీ కొన్నాళ్లు మరుగున పడింది. ఈ జబ్బుకు వయసు పట్టింపు ఉంది.

పన్నెండు, పదమూడేళ్ల లోపు పిల్లల్లో ఇది చాలా అరుదు. మగపిల్లల్లో ఎక్కువగా పద్దెనిమిదికీ పాతికకీ మధ్య బయటపడుతుంది. ఆడపిల్లల్లో కొన్నేళ్లు ఆలస్యంగా వస్తుంది, నెలసరి ఆగే వయసులో మరోసారి కాస్త పెరుగుతుంది. మన దగ్గర అది ఇంటర్ పూర్తిచేసి, ఊరు మారి, ఇంజినీరింగ్ హాస్టల్లో చేరే వయసు. అందుకే ఇంట్లో వాళ్లకు ముందు తోచే వివరణ చదువు ఒత్తిడి. తర్వాత ప్రేమ వ్యవహారం. అదీ కాదంటే గాలి సోకిందనో, గిట్టనివాళ్లు ఏదో చేయించారనో. ఆ వయసులో ఒత్తిడీ ప్రేమా మామూలే కాబట్టి ఏ కుటుంబానికైనా ఆ వివరణలు సరిగ్గా అతికినట్టే ఉంటాయి.

పరిశోధకుల్ని ఇబ్బంది పెట్టిన ప్రశ్న వేరు. ఈ జబ్బులో జన్యువుల పాత్ర పెద్దది. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి వచ్చే అవకాశం మూడోవంతు నుంచి సగం దాకా ఉంటుంది. జన్యువులు పుట్టుకతోనే ఉన్నాయి. మరి పద్దెనిమిదేళ్లు ఎందుకు ఆగుతాయి?

ముందుకు వెళ్లేముందు మాటల సంగతి తేల్చుకోవాలి. సైకోసిస్ ఒక జబ్బు పేరు కాదు, జ్వరం లాంటి మాట. ఎవరూ లేకుండానే గొంతులు వినిపించడం, ఎవరెంత చెప్పినా చెదరని తప్పుడు నమ్మకం, మాటకూ మాటకూ పొంతన తెగిపోవడం దాని లక్షణాలు. బైపోలార్ జబ్బులో అది రావచ్చు, మత్తుపదార్థాల వల్ల రావచ్చు, మెదడువాపులోనూ రావచ్చు. స్కిజోఫ్రీనియా ఆ కుటుంబంలో ఎక్కువకాలం నిలిచేది. వెయ్యిమందిలో సుమారు ఏడుగురికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఈ ఏడు అనే అంకె గుర్తుంచుకోవాలి, మళ్లీ దీంతో పని పడుతుంది.

ఒత్తు మొక్కలు పీకడం

జొన్న చేలో విత్తనం కాస్త ఎక్కువే వేస్తారు. మొలిచాక ఒత్తుగా ఉన్నచోట మొక్కలు పీకేసి పలుచన చేస్తారు. ఆ పని చేయని చేను పచ్చగానే కనిపిస్తుంది గాని కంకి సరిగా పట్టదు. మెదడు ఎదిగే తీరు దీనికి చాలా దగ్గర.

ఒక నాడీకణం ఇంకో నాడీకణానికి కబురు అందించే చోటును సినాప్స్ అంటారు. షికాగోలో పిల్లల నాడీవైద్యుడు పీటర్ హటెన్‌లోకర్ వాటిని లెక్కపెట్టాలనుకున్నారు. పురిటి బిడ్డ నుంచి తొంభై ఏళ్ల వారి వరకు, చనిపోయిన 21 మంది మెదళ్ల నుంచి ముందుభాగపు ముక్కలు తీసుకుని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి లెక్కించారు. 1979లో ఆయన ప్రచురించిన ఫలితం అప్పటిదాకా ఉన్న ఊహను తలకిందులు చేసింది. సినాప్సులు అన్నిటికంటే ఒత్తుగా ఉండేది పెద్దవాళ్లలో కాదు, ఏడాది రెండేళ్ల పిల్లల్లో. పెద్దవాళ్ల సగటు కంటే దాదాపు 50 శాతం ఎక్కువ. రెండో ఏడు నుంచి పదహారో ఏడు దాకా అవి తగ్గుతూ వస్తాయి. పిల్లవాడు ఎక్కాలు, పద్యాలు, సైకిలు, బీజగణితం నేర్చుకునే కాలమంతా మెదడులో సినాప్సులు తరుగుతూనే ఉంటాయన్నమాట.

ఈ తీసివేత గుడ్డిగా జరగదు. తరచూ వాడే సినాప్సు నిలుస్తుంది, వాడనిది పోతుంది. అదే సమయంలో, నిలిచిన నాడీ తంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర కడుతుంది. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఎలాంటిదో ఇది అలాంటిది. కబురు వేగంగా, దారి తప్పకుండా పోతుంది. దార్లు తగ్గుతాయి, ఉన్న దార్లు తారురోడ్లవుతాయి.

ఈ పని మెదడంతా ఒకేసారి జరగదు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జే గీడ్ బృందం 1990ల నుంచి ఒకే పిల్లలకు మళ్లీ మళ్లీ ఎంఆర్‌ఐ తీస్తూ వచ్చింది. 2004లో నితిన్ గోగ్‌టే తదితరులు ప్రచురించిన పనిలో నాలుగేళ్ల నుంచి ఇరవై ఒకటి దాకా వయసున్న 13 మందిని రెండేళ్లకోసారి చూశారు. చూపు, స్పర్శ, కదలిక వంటివి నడిపే భాగాలు ముందు పక్వానికొచ్చాయి. ఆలోచించి ఆగడం, ముందుచూపు, ఒక మాట మనసులో పెట్టుకుని ఇంకో పని చేయడం వంటివి చూసుకునే నుదుటి వెనక భాగం, అంటే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, చివరికి మిగిలింది. 2011లో జాగ్రెబ్ పరిశోధకులు ఆ భాగపు కణాలను మైక్రోస్కోప్‌లో చూసి, తీసివేత టీనేజీ దాటి ఇరవైల్లో కూడా సాగుతుందని తేల్చారు. ‘మెదడు పాతికేళ్లకు పూర్తవుతుంది’ అని వాట్సాప్‌లో తిరిగే మాట ఇలాంటి పరిశోధనల నుంచే పుట్టింది. నిజానికి పాతిక దగ్గర గీత ఎవరూ గీయలేదు.

ప్రశ్నార్థకంతో వచ్చిన ఊహ

ఇర్విన్ ఫైన్‌బర్గ్ నిద్ర మీద పనిచేసేవారు. గాఢనిద్రలో మెదడు నుంచి వచ్చే నెమ్మదైన పెద్ద తరంగాలు పదేళ్లకీ ఇరవై ఏళ్లకీ మధ్య బాగా పడిపోవడం ఆయన గమనించారు. మెదడు ఖర్చుపెట్టే శక్తి కూడా ఆ వయసులోనే తగ్గుతుంది. హటెన్‌లోకర్ లెక్కలు వాటికి జతపడ్డాయి. మూడూ ఒకే సంఘటనకు మూడు గుర్తులని ఫైన్‌బర్గ్ భావించారు. యవ్వనంలో మెదడు తనను తాను పలుచన చేసుకుంటోంది. ఆ పలుచన చేసే పనిలోనే తప్పు జరిగితే? అతిగా పీకినా, తక్కువ పీకినా, పీకకూడనివి పీకినా స్కిజోఫ్రీనియా రావచ్చని ఆయన 1982లో రాశారు. ఆ వ్యాసం శీర్షికే ఒక ప్రశ్న. అప్పటికి అది ఊహ మాత్రమే, ఆయన దాన్ని ఊహగానే ఉంచారు.

తర్వాత సాక్ష్యాలు ఒక్కొక్కటే చేరాయి. పిట్స్‌బర్గ్‌లో డేవిడ్ లూయిస్ ప్రయోగశాల 2000లో, స్కిజోఫ్రీనియాతో జీవించి చనిపోయిన వారి ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో నాడీకణాల మీద సినాప్సులు నిలిచే చిన్న ముళ్ల వంటి భాగాలు ఒక పొరలో దాదాపు 23 శాతం తక్కువున్నాయని చూపింది. కణాల సంఖ్య మాత్రం పెద్దగా తగ్గలేదు. చెట్లు ఉన్నాయి, రెమ్మలు తగ్గాయి. 2001లో పాల్ థాంప్సన్, జూడిత్ రాపపోర్ట్ తదితరులు, పన్నెండేళ్లకే జబ్బు మొదలైన 12 మంది పిల్లల మెదడు చిత్రాలను ఐదేళ్ల పాటు పోల్చారు. నాడీకణాలుండే బూడిదరంగు పదార్థం పలుచబడటం మెదడు పైభాగంలో మొదలై ముందుకు పాకింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ పలుచబడుతుంది, వీళ్లలో ఆ వేగం చాలా ఎక్కువ. జబ్బు ముప్పున్న యువకుల్ని ముందునుంచీ గమనించిన ఉత్తర అమెరికా బృందం 2015లో ఇదే తరహా ఫలితం చెప్పింది: తర్వాత సైకోసిస్‌లోకి వెళ్లినవారిలో ప్రీఫ్రంటల్ భాగం మిగతావారికంటే వేగంగా పలుచబడింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎంఆర్‌ఐకి సినాప్సు కనపడదు. మైలిన్ పెరిగినా చిత్రంలో బూడిదరంగు భాగం పలుచబడినట్టే ఉంటుంది. మందులు, సిగరెట్లు, బరువు కూడా ఆ కొలతను మారుస్తాయి. పత్రికల్లో పక్కపక్కన వేసే ఎర్రటి, నీలపు మెదడు బొమ్మలు చూసి సినాప్సులు రాలిపోవడాన్ని కళ్లతో చూశామనుకుంటే పొరపాటు.

తినేసే కణాలు, ముద్ర వేసే జన్యువు

పీకే పని ఎవరు చేస్తారు? మెదడులో మైక్రోగ్లియా అనే కణాలున్నాయి. సూక్ష్మజీవుల్నీ చెత్తనీ మింగి శుభ్రం చేయడం వాటి పని. ఏది తినాలో వాటికి చెప్పడానికి శరీరంలో కాంప్లిమెంట్ అనే ప్రొటీన్ల వ్యవస్థ ఉంది. అవి సూక్ష్మజీవి మీద అంటుకుని ‘దీన్ని తినండి’ అని ముద్ర వేస్తాయి. ఇదే ముద్ర ఎదిగే మెదడులో సినాప్సుల మీద కూడా పడుతుందని బోస్టన్‌లో బెత్ స్టీవెన్స్ ప్రయోగశాల ఎలుకల్లో చూపింది.

మరోవైపు జన్యు పరిశోధకులకు ఒక చిక్కుముడి ఉండేది. స్కిజోఫ్రీనియాతో అన్నిటికంటే గట్టిగా ముడిపడిన చోటు ఆరో క్రోమోజోములో రోగనిరోధక జన్యువుల మధ్య ఉంది. మనసు జబ్బుకు రోగనిరోధక శక్తితో ఏం పని? 2016లో స్టీవెన్ మెకారోల్, బెత్ స్టీవెన్స్ బృందాలు, అప్పటికి విద్యార్థిగా ఉన్న అశ్విన్ సేకర్ ముందుండగా, ఆ ముడి విప్పాయి. దాదాపు 65,000 మంది జన్యు సమాచారం, వందల సంఖ్యలో మెదడు నమూనాలు చూశారు. దోషి సీ4 అనే కాంప్లిమెంట్ జన్యువు. అది ఒక్కొక్కరిలో ఒక్కో రూపంలో, ఒక్కో సంఖ్యలో ఉంటుంది. సీ4ఏ అనే రూపం మెదడులో ఎంత ఎక్కువ తయారైతే జబ్బు ముప్పు అంత పెరుగుతోంది. ఆ జన్యువు లేని ఎలుకల్లో సినాప్సుల తీసివేత తగ్గింది. ముద్ర ఎక్కువ పడితే పీకుడు ఎక్కువవుతుంది. ముప్పై నాలుగేళ్ల తర్వాత ఫైన్‌బర్గ్ ఊహకు ఒక అణువు దొరికింది.

ఆ ఏడాది చాలా పత్రికలు మర్మం వీడిపోయిందన్నట్టే రాశాయి. అంకె చూస్తే ఆ ఉత్సాహం చల్లారుతుంది. ముప్పు ఎక్కువున్న సీ4 రూపం ఉన్నవారికి, తక్కువున్న వారితో పోలిస్తే, జబ్బు వచ్చే అవకాశం సుమారు 1.27 రెట్లు. పైన గుర్తుంచుకోమన్న ఏడు ఇప్పుడు బయటికి తీయాలి. వెయ్యిమందిలో ఏడుగురు ఉన్నచోట తొమ్మిదిమంది అవుతారు. మిగతా 991 మందికి రాదు. సీ4 మనకు ఒక యంత్రం ఎలా పనిచేస్తుందో చూపింది. ఎవరి ఇంట్లో ఆగిపోతుందో చెప్పలేదు. ఈ రెండు మాటల మధ్య తేడాను చెరిపేసే రాతలే ఈ రంగంలో ఎక్కువ.

తర్వాతి కథ కూడా సాఫీగా లేదు. రోగుల రక్తకణాల నుంచి తయారుచేసిన మైక్రోగ్లియా వంటి కణాలు సినాప్సుల్ని ఎక్కువగా మింగుతున్నాయని 2019లో బోస్టన్ నుంచే ఒక పని వచ్చింది. మొటిమలకు వాడే పాత యాంటీబయాటిక్ మినోసైక్లిన్ ఆ మింగుడును తగ్గించింది. మరి మందుగా పనిచేస్తుందా? బ్రిటన్‌లో అప్పటికే 207 మంది కొత్త రోగుల మీద ఏడాది పాటు పరీక్షించి చూశారు. 2018లో వచ్చిన ఫలితం సున్నా. జబ్బు బయటపడ్డాక తీసివేతను ఆపడమంటే, మొక్కలు పీకేశాక చేనుకు కావలి పెట్టడం అని ఒక వాదన. అసలు ఆ దారే ముఖ్యమైనది కాదేమో అని ఇంకో వాదన. రెండోదానికీ బలముంది. 2022లో 76,000 మందికి పైగా రోగులతో చేసిన జన్యు అధ్యయనంలో 287 చోట్లు ముడిపడ్డాయి. అవి ఎక్కువగా నాడీకణాల్లోనే పనిచేసే జన్యువులు, మైక్రోగ్లియావి కాదు. బహుశా సినాప్సు మొదటినుంచే బలహీనంగా ఉండి, వాడకం తగ్గి, అందుకే పీకుడుకు గురవుతోందేమో. బలహీనమైన మొక్కను పీకినందుకు కూలీని తప్పుపట్టలేం కదా.

అర్థాలు ఎక్కువైపోవడం

సినాప్సులు తగ్గితే గొంతులెందుకు వినిపించాలి? ఈ వంతెన ఇంకా సగమే కట్టారు. కట్టిన సగంలో ముఖ్యమైనది డోపమిన్. ఏది పట్టించుకోదగ్గదో, ఏది వదిలేయదగ్గదో మెదడుకు చెప్పే రసాయనం అది. ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పట్టు సడలితే లోపలి భాగాల్లో డోపమిన్ అవసరం లేనప్పుడు కూడా విడుదలవుతుందని ఒక అవగాహన. లండన్‌లో ఆలివర్ హౌస్ బృందం 2009లో, జబ్బు ఇంకా పూర్తిగా బయటపడని, తొలి లక్షణాలున్న యువకుల్లోనే ఈ పెరుగుదల ఉందని చూపింది.

దాని ఫలితాన్ని 2003లో మనోవైద్యుడు షితిజ్ కపూర్ బాగా వివరించారు. మామూలుగా పట్టించుకోని విషయాలన్నిటికీ ఒక్కసారిగా అర్థం వచ్చేస్తుంది. ఎదురింటి కుర్రాడు దగ్గితే అది సైగ. బస్సు నంబరులో ఏదో సంకేతం. టీవీలో యాంకర్ తననే చూసి నవ్వుతోంది. ఇన్ని సైగలకు కారణం కావాలి కాబట్టి బుద్ధి ఒక కథ అల్లుతుంది: పోలీసులు వెంటపడ్డారు, ఫోన్ ట్యాప్ చేశారు, తానొక ప్రత్యేకమైన పనికి ఎంపికయ్యాడు. మందు డోపమిన్‌ను అణిచినా అల్లుకున్న కథ వెంటనే పోదు. అందుకే ‘మాత్రలు వేస్తున్నా అదే మాట అంటున్నాడు’ అని ఇంటివాళ్లు మొదటి వారాల్లోనే నిరాశపడతారు. గొంతు ముందు మెత్తబడుతుంది, నమ్మకం తర్వాత వదులవుతుంది.

కథకు సరుకు మాత్రం ఎవరి సమాజం వారికిస్తుంది. మానవశాస్త్రవేత్త తాన్యా లుహర్‌మన్ తదితరులు చెన్నై, ఘనా రాజధాని అక్రా, కాలిఫోర్నియాలోని సాన్ మాటియోలలో ఇరవైమంది చొప్పున రోగులతో మాట్లాడి 2014లో ప్రచురించారు. అమెరికన్లకు ఎక్కువగా తిట్టే, హింస గురించి మాట్లాడే అపరిచిత గొంతులు వినిపించాయి. చెన్నైలో సగం మందికి పైగా వినిపించినవి అయినవాళ్ల గొంతులు. ఇంటి పని చెయ్యి, స్నానం చెయ్యి అని పురమాయించే గొంతులు. మెదడులో జరిగేది ఒకటే కావచ్చు, కానీ అమ్మ గొంతుతో సతాయించే భ్రాంతికీ కత్తి పట్టమనే భ్రాంతికీ బతుకులో తేడా చాలా ఉంది.

గంజాయి సంగతి

మెదడు తన పలుచన పని తాను చేసుకుంటున్న వయసులో బయటి నుంచి చేయి పెట్టేవాటిలో ఎక్కువ సాక్ష్యమున్నది గంజాయికి. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే రసాయనం పట్టుకునే గ్రాహకాలు మెదడులో సహజంగానే ఉన్నాయి. సినాప్సుల రాకపోకల్ని సరిచూసే సొంత రసాయనాలకు అవి చోటు. టీహెచ్‌సీ ఆ చోట్లను ఆక్రమిస్తుంది.

స్వీడన్‌లో 1969-70లో సైన్యంలో చేర్చుకోవడానికి పరీక్షించిన 45,570 మంది యువకుల్ని పదిహేనేళ్లు గమనించి 1987లో లెక్కతేల్చారు. అప్పటికే యాభైసార్లకు మించి గంజాయి తాగామన్నవారిలో స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు ఎక్కువ. కుటుంబం, ఇతర మానసిక సమస్యలు వంటివి లెక్కలోకి తెచ్చాక ఆ అంకె సగానికి పైగా తగ్గింది, కానీ పోలేదు. యూరప్, బ్రెజిల్‌లలో 11 చోట్ల చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో రోజూ ఘాటైన గంజాయి వాడేవారికి అసలు వాడనివారికంటే సైకోసిస్ అవకాశం దాదాపు ఐదు రెట్లు ఉంది. జబ్బు లక్షణాలు మొదలైనవారే ఉపశమనం కోసం గంజాయి వైపు వెళుతున్నారన్న ఎదురువాదం కొంతవరకు నిజమే, రెండింటికీ ఉమ్మడి జన్యువులు కూడా కొన్ని ఉన్నాయి. అయినా మొత్తం సంబంధాన్ని ఆ వాదన మింగలేకపోయింది.

తెలుగు రాష్ట్రాలకు ఇది పరాయి చర్చ కాదు. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో పండే శీలావతి రకం గంజాయి పేరు దేశమంతా పోలీసు రికార్డుల్లో కనిపిస్తుంది. 2019లో కేంద్రం విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం 10-75 ఏళ్ల మధ్య వారిలో 2.8 శాతం, అంటే మూడు కోట్లకు పైగా, గంజాయి లేదా భంగు వంటివి వాడుతున్నారు. కాలేజీల్లో జరిగే అవగాహన సభల్లో మాత్రం కేసులు, జైలు, భవిష్యత్తు నాశనం అనే మాటలే వినిపిస్తాయి. ఇంట్లో మేనమామకో పెదనాన్నకో ఈ జబ్బు ఉన్న పిల్లవాడికి అదే చిలుము పక్కవాడికంటే ఎక్కువ ప్రమాదమన్న మాట చెప్పేవారు తక్కువ. పోలీసు భయం కంటే ఆ మాటే కుర్రాళ్లకు ఎక్కువ పనికొస్తుంది.

మిగతా కారణాలు క్లుప్తంగా. 1944-45 శీతాకాలంలో నాజీల దిగ్బంధంతో నెదర్లాండ్స్‌లో కరువొచ్చినప్పుడు గర్భంలో పడ్డ పిల్లల్లో స్కిజోఫ్రీనియా సుమారు రెట్టింపయింది. 1959-61 చైనా కరువులోనూ దాదాపు అదే లెక్క వచ్చింది. కాన్పు చిక్కులు, చిన్ననాటి హింస, పెద్ద నగరంలో పెరగడం, పరాయి దేశానికి వలస వెళ్లడం కూడా ముప్పు పెంచుతాయి. వలస విషయంలో విచిత్రమేమిటంటే, వెళ్లినవారికంటే వారికి అక్కడ పుట్టిన పిల్లల్లో ముప్పు ఎక్కువగా కనిపించింది. జబ్బున్నవారే వలస వెళుతున్నారన్న తేలిక జవాబు అక్కడితో పనికిరాకుండా పోయింది.

ముందే పట్టుకోగలమా?

1994లో మెల్‌బోర్న్‌లో ప్యాట్రిక్ మెక్‌గోరి, అలిసన్ యంగ్ ప్రపంచంలోనే కొత్త తరహా క్లినిక్ తెరిచారు. జబ్బు వచ్చినవారికి కాదు, రాబోతున్నవారికి. గొంతులు ఇంకా స్పష్టంగా లేవు గాని ఎవరో పిలిచినట్టుంటుంది, అనుమానం ఉంది గాని తప్పేమో అన్న సందేహమూ ఉంది, చదువు పడిపోయింది. ఇలాంటి యువకుల్ని గుర్తించడానికి ప్రమాణాలు తయారుచేశారు. మొదటి లెక్కల్లో ఏడాది తిరిగేసరికి వారిలో నలభై శాతం మంది సైకోసిస్‌లోకి వెళ్లారు. ప్రపంచమంతా ఆ నమూనా పాకింది. పాకేకొద్దీ అంకె తగ్గుతూ వచ్చింది. 2012లో అన్ని అధ్యయనాలూ కలిపి చూస్తే ఏడాదికి 22 శాతం, మూడేళ్లకు 36 శాతం. తర్వాతి లెక్కలు ఇంకా తక్కువ. అంటే ‘అతి ముప్పు’ అని ముద్ర పడినవారిలోనే ఎక్కువమందికి ఆ జబ్బు రాదు.

ఇంకో వైపు నుంచి చూస్తే పరిస్థితి మరీ కష్టం. దక్షిణ లండన్‌లో ఇలాంటి క్లినిక్ ఉన్నచోట, మొదటిసారి సైకోసిస్ వచ్చినవారిలో ముందే ఆ క్లినిక్ గడప తొక్కినవారు నూటికి నలుగురే. మిగతా 96 మంది నేరుగా జబ్బుతోనే వచ్చారు. అటు చూస్తే జబ్బు లేని పిల్లల్లో గుర్తులు మెండు. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల వారిలో దాదాపు 17 శాతం మంది ఏదో ఒక గొంతో, వింత అనుభవమో చెబుతారు. పదమూడు దాటాక ఆ సంఖ్య సగానికి పైగా పడిపోతుంది. ఎక్కువమందికి అది మొటిమల్లా వచ్చిపోయే వ్యవహారం.

అందుకే 2013లో అమెరికన్ మనోవైద్యుల జబ్బుల నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5 ఈ స్థితిని అసలు జబ్బుల జాబితాలో పెట్టడానికి వెనకాడి, ఇంకా అధ్యయనం కావాలన్న భాగంలోకి పంపింది. అది సరైన నిర్ణయమే. పెళ్లి సంబంధాల దగ్గర మేనత్త కూతురి జబ్బు గురించి కూడా ఆరా తీసే సమాజంలో, రాని జబ్బుకు పేరు పెట్టడం ఎంత ఖరీదో చెప్పనక్కరలేదు.

మందుల్లో ఆశ పుట్టి ఆరిపోయిన సందర్భమూ ఉంది. 2010లో వియన్నాలో 81 మంది యువకులతో చేసిన పరీక్షలో చేపనూనె సైకోసిస్‌ను బాగా తగ్గించినట్టు కనిపించింది. అదే ప్రయోగాన్ని 304 మందితో పలు దేశాల్లో చేసి 2017లో ఫలితం ప్రకటిస్తే, చేపనూనెకూ ఉత్తుత్తి మాత్రకూ తేడా లేదు.

మెదడు స్కాన్ తీసి ‘మీ అబ్బాయికి స్కిజోఫ్రీనియా రాబోతోంది’ అని చెప్పగల పరీక్ష ఇప్పటికి లేదు. రక్తపరీక్ష లేదు, జన్యు పరీక్ష కూడా లేదు. దీనికి దగ్గరగా వచ్చే ఒకే ఒక్క మినహాయింపు, 22వ క్రోమోజోములో ఒక చిన్న ముక్క లేకుండా పుట్టడం. అలా పుట్టినవారిలో పెద్దయ్యాక సుమారు నాలుగోవంతు మందికి సైకోసిస్ వస్తుంది. అది కూడా నాలుగోవంతే. మొదటిసారి సైకోసిస్ వచ్చినప్పుడు డాక్టర్లు స్కాన్ రాస్తే, అది కణితి, మెదడువాపు వంటి వేరే కారణం లేదని చూసుకోవడానికి. ‘స్కాన్ నార్మల్ వచ్చింది, ఇక ఏమీ లేదు’ అనుకుని మందులు ఆపేసే కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవాలి.

వారాల లెక్క

ఎవరికొస్తుందో ముందే చెప్పలేకపోయినా, వచ్చాక ఎంత త్వరగా చికిత్స మొదలవుతుందన్నది మన చేతుల్లో కొంతైనా ఉంది. సైకోసిస్ మొదలైన నాటి నుంచి మందు పడేదాకా గడిచే కాలం ఎంత పెరిగితే కోలుకోవడం అంత కష్టమవుతుందని పలు దేశాల్లో తేలింది. అమెరికాలో 21 రాష్ట్రాల్లో 404 మందితో జరిగిన ప్రయోగం ఫలితాలు 2015లో వచ్చాయి. అక్కడ ఆ కాలం మధ్యస్థంగా 74 వారాలు. దాదాపు ఏడాదిన్నర. తక్కువ మోతాదు మందు, మాటల చికిత్స, కుటుంబానికి శిక్షణ, చదువు లేదా ఉద్యోగంలో నిలబెట్టే సాయం, అన్నీ ఒకే బృందం చేతిలో పెట్టిన పద్ధతి మామూలు వైద్యం కంటే బాగా పనిచేసింది. 74 వారాల లోపు వచ్చినవారిలో ఆ లాభం చాలా ఎక్కువ.

మన దేశంలో 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం సైకోసిస్ ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురికి చికిత్స అందడం లేదు. ఆ కాలంలో కుటుంబం చేతులు ముడుచుకుని కూర్చోదు. తాయెత్తు, దర్గా, గుడిలో నిద్ర, బంధువుల ఊళ్లో కొన్నాళ్లు మార్పు, పెళ్లి చేస్తే కుదురుకుంటాడన్న సలహా, వీటన్నిటి మీదా డబ్బూ ఓపికా ఖర్చవుతాయి. దర్గాకు వెళ్లొద్దని గద్దించే డాక్టరు ఆ కుటుంబాన్ని పోగొట్టుకుంటాడు. మొక్కు తీర్చుకోండి, మాత్ర మానకండి అనే డాక్టరు దగ్గరికి రెండోసారి వస్తారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారికి 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది. 14416కు ఫోన్ చేస్తే డబ్బు తీసుకోకుండా తెలుగులోనూ మాట్లాడతారు.

చెన్నైలో 1984లో డాక్టర్ శారదా మీనన్ మొదలుపెట్టిన స్కిజోఫ్రీనియా పరిశోధన సంస్థ స్కార్ఫ్, కెనడాలోని మాంట్రియల్ వైద్యులతో కలిసి ఒక పోలిక చేసింది. రెండు చోట్లా ఒకే తరహా తొలి చికిత్స, రెండేళ్లపాటు. గొంతులు, అనుమానాలు తగ్గడంలో రెండు నగరాలూ సమానంగానే ఉన్నాయి. ఉదాసీనత, ఎవరితోనూ కలవకపోవడం, ఏ పనికీ లేవకపోవడం వంటి లక్షణాల్లో మాత్రం చెన్నై రోగులు మెరుగ్గా ఉన్నారు. ఇలాంటి లక్షణాలకు ఇప్పుడున్న మందులు సరిగా పనిచేయవు. చికిత్స మధ్యలో వదిలేసినవారు కూడా చెన్నైలోనే తక్కువ. మాంట్రియల్‌లో చాలామంది యువకులు ఒంటరిగా క్లినిక్‌కు వచ్చేవారు. చెన్నైలో అమ్మో నాన్నో వెంట వచ్చేవారు, మందు డబ్బా వాళ్ల చేతిలోనే ఉండేది.